కొండ ఎక్కే ముందే దిగే వేళ

శివరాత్రి వెళ్ళిపోయింది. చలి కూడా శివశివా అంటూ వెళ్ళిపోయింది. ఇప్పుడు మీ ఊరి పక్కన కొండ ఉంటే ఒకసారి దానివైపు చూడండి. దూరం నుంచి చూస్తే అంతా ఎండిపోయినట్టే ఉంటుంది. ఆకు లేని కొమ్మలు, బండలు, ఎండు గడ్డి. కానీ నాలుగడుగులు దగ్గరికి వేస్తే ఆ ఎండు కొమ్మలకే పూలు కనిపిస్తాయి. గట్ల మీద మోదుగ పూసింది. వాగు ఒడ్డున బూరుగ పూసింది. బండల సందుల్లో కొండగోగు పూసింది.

పొద్దున్నే కొండ ఎక్కాలి. దారిలో ఈ పూలు చూడాలి. పైకి చేరి నాలుగు దిక్కులూ చూడాలి. మధ్యాహ్నం భోజనం వేళకి ఇంటికి చేరాలి. ఈ ఒక్క పూట నడక గురించే ఈరోజు మీతో మాట్లాడతాను. దీనికి పెద్ద ఖర్చు లేదు. ఖరీదైన సామాను అక్కర్లేదు. అయితే ఒక్క మాట మాత్రం గుర్తుండాలి. వింటున్నవాళ్ళ మనసులో నిలవాలని ఆ మాటే మళ్ళీ మళ్ళీ చెబుతాను. కొండ ఎక్కే ముందే దిగే వేళ నిర్ణయించుకోండి.

ఎందుకో చెబుతాను. ముందు మన పూల సంగతి చూద్దాం.

చలి దేశాల్లో వసంతం వస్తే పూలు నేల మీద పూస్తాయి. అక్కడ అడవిలో చెట్లు ఇంకా చిగురించి ఉండవు. ఎండ సూటిగా నేలకి దిగుతుంది. మంచు కరిగిన తడి ఉంటుంది. ఆ కొద్ది రోజుల్లోనే చిన్న చిన్న మొక్కలు పూసేస్తాయి. అంత చలి లేని టెక్సస్‌లో కూడా వసంతం నేల మీదే. అమెరికాలో ఆ వైపు ఉంటున్న మన పిల్లలు మార్చి, ఏప్రిల్ నెలల్లో నీలం రంగు బ్లూబానెట్ పూల మధ్య కూర్చుని ఫోటోలు దిగి పంపిస్తుంటారు. అది అక్కడి వసంతం.

మన వసంతం అలా ఉండదు. మనకి నేల మీద పూలు వానల తరవాత వస్తాయి. గునుగు, తంగేడు బతుకమ్మ నాటికి పూస్తాయి. మాఘం, ఫాల్గుణం వచ్చేసరికి నేల పైపొర ఎండిపోతుంది. చిన్న మొక్కకి తడి అందదు. తడి అందేది లోతుగా వేరు పారిన చెట్టుకే. అందుకే మన వసంతం చెట్టు మీద ఉంటుంది. పూలు చూడాలంటే మనం తల పైకెత్తాలి.

ఇంకో విశేషం ఉంది. ఈ చెట్లు ముందు ఆకు రాల్చేస్తాయి. ఆ తరవాతే పూస్తాయి. మోదుగ అంతే. బూరుగ అంతే. కొండగోగూ అంతే. ఎండాకాలం దగ్గర పడుతున్నప్పుడు ఆకు ఉంటే ఆ ఆకులోంచి నీరు ఆవిరైపోతుంది. అందుకని చెట్టు ఆకు వదులుకుంటుంది. ఆకు లేకపోతే పువ్వుకి ఇంకో లాభం కూడా ఉంది. అడ్డు ఉండదు. పిట్టకి దూరం నుంచే పువ్వు కనిపిస్తుంది. మోదుగ కొమ్మ మీద గోరింకలు, పిగిలిపిట్టలు, తేనెపిట్టలు వాలుతుంటాయి. ఉడతలు కూడా వస్తాయి. పువ్వు అడుగున ఉన్న తేనె కోసం వస్తాయి. తాగేటప్పుడు వాటి తలకి పుప్పొడి అంటుకుంటుంది. అది ఇంకో పువ్వుకి చేరుతుంది. కాయ కడుతుంది.

చూడటానికి మనకీ అదే లాభం. ఆకు అడ్డు లేదు కాబట్టి అర కిలోమీటరు దూరం నుంచే చెట్టుని గుర్తు పట్టొచ్చు.

కానీ ఒక్క క్షణం ఆలోచించండి. ఆకు లేదంటే నీడ కూడా లేదు. పూలు బాగా కనిపించే కాలమూ, అడవిలో నీడ బొత్తిగా ఉండని కాలమూ ఒకటే. ఈ సంగతి చాలామందికి తట్టదు. అడవికి వెళ్తున్నాం, చెట్ల కిందే కదా నడుస్తాం, ఎండ ఏం చేస్తుందిలే అనుకుంటారు. చెట్లు ఉంటాయి. నీడ ఉండదు. కార్తీక మాసంలో వనభోజనాలకి వెళ్ళినప్పుడు చల్లగా ఉన్న చోటే ఫాల్గుణంలో పదకొండు గంటలకి నిలవలేం.

కొండ మీద చల్లగా ఉంటుందని కూడా అనుకుంటాం. అదెంతవరకు నిజమో చూద్దాం. వెయ్యి మీటర్లు పైకి వెళ్తే వేడి దాదాపు ఆరు డిగ్రీలు తగ్గుతుంది. మదనపల్లె దగ్గర హార్స్‌లీ హిల్స్ సముద్రమట్టానికి 1,200 మీటర్లకి పైగానే ఉంది. అందుకే అక్కడ చల్లదనం తెలుస్తుంది. కానీ మనలో ఎక్కువమంది ఎక్కేది ఊరి పక్క కొండ, కోట ఉన్న కొండ. భువనగిరి కోట బండ కింది నేల నుంచి 500 అడుగుల పైచిలుకు ఎత్తు. అంటే 150 మీటర్ల మాట. ఆ ఎత్తుకి తగ్గేది ఒక్క డిగ్రీ. పైగా అది ఒకే బండ. ఎండ పడుతుంటే బండ వేడెక్కుతుంది. నెత్తి మీద ఎండ, కాళ్ళ కింద బండ. పదకొండు దాటితే అక్కడ చల్లదనం వెతుక్కోవాల్సిందే.

అందుకే చెబుతున్నాను. పూల కాలం నీడ లేని కాలం. కొండ ఎక్కే ముందే దిగే వేళ నిర్ణయించుకోండి.

దిగే వేళ అంటే ఏమిటి? మన పల్లెల్లో పట్నానికి పని మీద వెళ్ళేవాళ్ళు ముందుగా ఏం కనుక్కుంటారు? తిరుగు ప్రయాణానికి ఆఖరి బస్సు ఎన్నింటికి అని కనుక్కుంటారు. పని అయినా కాకపోయినా ఆ వేళకి బస్టాండులో ఉంటారు. మిగిలిన పని రేపు చూసుకుంటారు. కొండకి కూడా అలాంటి ఆఖరి బస్సు ఒకటి పెట్టుకోండి. ఫలానా వేళకి వెనక్కి తిరగాలి అని ఇంట్లోనే అనుకోండి. ఆ వేళ అయ్యాక శిఖరం ఇంకా రాకపోయినా సరే, ఎక్కడ ఉన్నారో అక్కడి నుంచే తిరగండి.

ఇందులో కష్టమైన ముక్క ఆ చివరిదే. శిఖరం చేరాక తిరగడం ఎవరికైనా తెలుసు. చేరకముందే తిరగడం కష్టం. పైన కోట గోడ కనిపిస్తూనే ఉంటుంది. పిల్లలు ఉత్సాహంగా ఉంటారు. ఇంకొక్క పది నిమిషాలేగా అనిపిస్తుంది. కానీ పైకి వేసిన పది నిమిషాలు మళ్ళీ కిందికి కూడా నడవాలి. అంటే ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలూ పొద్దుటి చల్లదనంలో కలవవు. చివర్లో, ఎండ ముదిరిన వేళలో కలుస్తాయి. ఒళ్ళు అలిసిపోయి, సీసాలో నీళ్ళు అడుగంటిన వేళలో కలుస్తాయి. అందుకే ఆ నిర్ణయం కొండ మీద చేయొద్దు. ఇంటి దగ్గర, ఫ్యాను కింద కూర్చుని, తాపీగా చేయండి.

మరి ఆ వేళ ఎలా లెక్క కట్టాలి? దీనికి చాలా పాత లెక్క ఒకటి ఉంది. స్కాట్లాండులో విలియం నైస్మిత్ అనే పర్వతారోహకుడు ఉండేవారు. ఆయన 1892లో చెప్పిన లెక్క ఇది. మనకి తెలిసిన కొలతల్లో చెబుతాను. మెల్లగా వినండి. నడకకి, గంటకి 5 కిలోమీటర్లు వేసుకోండి. ఎత్తుకి, ప్రతి 600 మీటర్లకీ ఇంకో గంట కలపండి. అంతే.

ఒక ఉదాహరణ చూద్దాం. మీ కొండకి దారి 3 కిలోమీటర్లు. ఎత్తు 200 మీటర్లు. 3 కిలోమీటర్ల నడకకి ముప్పై ఆరు నిమిషాలు. 200 మీటర్ల ఎత్తుకి ఇరవై నిమిషాలు. రెండూ కలిపితే గంటకి కాస్త తక్కువ. గంటే అనుకుందాం.

అయితే అది చలి దేశంలో, అలవాటైనవాళ్ళు, ఎక్కడా ఆగకుండా నడిస్తే పట్టే కాలం. మనం ఆగడానికే వెళ్తున్నాం. ఒక చెట్టు దగ్గర ఆగుతాం. ఒక పిట్టని చూస్తాం. మన వెంట అమ్మమ్మ ఉంటుంది, ఎనిమిదేళ్ళ పిల్ల ఉంటుంది. కాబట్టి వచ్చిన లెక్కని రెట్టింపు చేయండి. గంట కాదు, రెండు గంటలు. వెలుగు రాగానే, ఆరింటికి కింద బయల్దేరితే ఎనిమిదింటికి పైన ఉంటారు. ఒక అరగంట కూర్చోండి. ఎనిమిదిన్నర మీ దిగే వేళ. దిగడానికి కూడా రెండు గంటలు ఉంచుకోండి. పదిన్నరకి కింద ఉంటారు. ఎండ ముదరకముందే బండి ఎక్కేస్తారు.

మళ్ళీ చెబుతాను. లెక్క కట్టండి. రెట్టింపు చేయండి. దిగే వేళ కాగితం మీద రాసి ఇంట్లో ఒకరికి ఇచ్చి వెళ్ళండి.

ఈ లెక్క పెట్టుకుని ఒక కొండకి వెళ్దాం రండి. రాచకొండకి వెళ్దాం. హైదరాబాదుకి ఆగ్నేయంగా, యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. రేచర్ల పద్మనాయకుల రాజధాని. 14వ శతాబ్దంలో ఇక్కడి నుంచే వాళ్ళు పాలించారు. రసార్ణవసుధాకరం అనే నాట్యశాస్త్ర గ్రంథాన్ని రచించిన సింగభూపాలుడు ఏలిన చోటు ఇది.

ఊరు దాటి కొండల్లోకి వెళ్ళే దారిలో చేలగట్ల మీద మోదుగలు కనిపిస్తాయి. ఒక చెట్టు కింద ఆగండి. కొమ్మ మీద చేయి వేయొద్దు. కింద రాలిన పువ్వు ఒకటి తీసుకోండి. అరచేతిలో పెట్టుకుని చూడండి. పువ్వు మొదట్లో చిన్న తొడిమ గిన్నె ఉంటుంది. నలుపు కలిసిన ఆకుపచ్చ. వేలితో తాకితే మెత్తని నూగు తగులుతుంది. అందులోంచి కాషాయం కలిసిన ఎరుపు రేకులు వస్తాయి. రేకులు ఐదు. ఒకటి వెనక్కి విరుచుకుని ఉంటుంది. మధ్యలోది వంకీ తిరిగి, కొస దగ్గర మొనదేలి ఉంటుంది. ఆ వంకీ రేకుని మెల్లగా విప్పితే లోపల కేసరాలు దాగి ఉంటాయి. రేకుల మీద సన్నని నూగు. వెలుగుకి ఎదురుగా పట్టుకుంటే ఆ నూగు వెండిలా మెరుస్తుంది. ఈ పూలనే మనవాళ్ళు రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, లేదా ఉడకబెట్టి, హోలీకి రంగు తీస్తారు. ఈ చెట్టు ఆకులతోనే విస్తళ్ళు కుడతారు.

ఇంకా పైకి వెళ్తే నేల మారుతుంది. మట్టి తగ్గి బండ ఎక్కువవుతుంది. ఇది మామూలు బండ కాదు. దక్కన్ పీఠభూమిలో ఈ నల్లరాతి కొండల వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. అంత పాత రాయి చీలికలో కాస్త మట్టి చేరితే చాలు, అక్కడ కొండగోగు లేస్తుంది. చిన్న చెట్టు. వంకర కొమ్మలు. ఒక్క ఆకు ఉండదు. కొమ్మ చివర మాత్రం అరచేయంత పసుపు పువ్వు. ఐదు రేకులు. మధ్యలో లెక్కపెట్టలేనన్ని బంగారు రంగు కేసరాలు. పొద్దున పూట తేనెటీగలు ఆ కేసరాల్లో పడి దొర్లుతుంటాయి. కాళ్ళకి పసుపు పుప్పొడి ముద్దలు కట్టుకుని లేస్తాయి. రాలిన పువ్వు నల్లని బండ మీద పచ్చగా పడి ఉంటుంది. అక్కడ కూర్చుని ఐదు నిమిషాలు చూడండి. ఇలా ఆగడానికే మన లెక్కని రెట్టింపు చేసుకున్నది.

ఆ పైన కోట గోడలు. పెద్ద పెద్ద రాళ్ళు. చెక్కని రాళ్ళు. సున్నం లేకుండా, ఒకదాని మీద ఒకటి ఒదిగేలా పేర్చినవి. ఆరు వందల ఏళ్ళు దాటినా చాలాచోట్ల నిలిచే ఉన్నాయి. ఆ గోడ పక్కన నిలబడి కిందికి చూడండి. పొద్దు ఇంకా ఏటవాలుగా ఉంది కాబట్టి ప్రతి గుట్టకీ ఒక పక్క వెలుగు, ఒక పక్క నీడ ఉంటుంది. ఏ గుట్ట ముందుందో ఏది వెనకుందో తెలుస్తుంది. చేలగట్ల మీద మోదుగలు ఒక్కొక్కటే విడివిడిగా కనిపిస్తాయి. మీరు నడిచి వచ్చిన దారిని వాటిని బట్టి పోల్చుకోవచ్చు. ఇదే చూపు పదకొండింటికి ఉండదు. ఎండ నడినెత్తికి వస్తే నీడలు పోతాయి. దూరాలన్నీ కలిసిపోతాయి. దుమ్ము లేస్తుంది. అంతా ఒకటే తెల్లని మసక. అంటే పెందలాడే ఎక్కి పెందలాడే దిగేవాళ్ళకి ప్రాణానికి హాయి ఒక్కటే కాదు, కంటికి కూడా ఎక్కువ దక్కుతుంది.

ఆంధ్ర వైపు ఉన్నవాళ్ళకి కొండపల్లి ఉంది. విజయవాడ పక్కనే. కొండవీటి రెడ్డిరాజుల కాలంలో, 14వ శతాబ్దంలో కట్టిన కోట. బొమ్మలు చేసే తెల్లపొణికి చెట్లు పెరిగే అడవి. అనంతపురం వైపు గుత్తి, పెనుకొండ ఉన్నాయి. వికారాబాద్ దగ్గర మూసీ పుట్టిన అనంతగిరి ఉంది. ఏ కొండ అయినా సరే, లెక్క ఒకటే.

ఇప్పుడు నీళ్ళ సంగతి. ఎండలో నడిచేవాళ్ళకి గంటకి దాదాపు అర లీటరు నీళ్ళు కావాలి. మన నడక నాలుగున్నర గంటలు. అంటే మనిషికి రెండు లీటర్ల పైనే. పిల్లల నీళ్ళు పెద్దవాళ్ళు మోయండి. కానీ లెక్కలో పిల్లల్ని కూడా కలపండి. మజ్జిగలో ఉప్పు వేసి ఒక సీసా పట్టుకెళ్ళండి. నిమ్మకాయ నీళ్ళలో ఉప్పు, పంచదార కలిపి తీసుకెళ్ళినా మంచిదే. చెమటతో ఉప్పు కూడా పోతుంది. ఉత్త నీళ్ళు ఆ లోటు తీర్చవు.

నీళ్ళకి కూడా దిగే వేళ ఉంది. గడియారంలో ఎనిమిదిన్నర ఇంకా కాలేదు. కానీ సీసాలో నీళ్ళు సగానికి వచ్చేశాయి. అప్పుడేం చేయాలి? తిరగాలి. సగం నీళ్ళు ఎక్కడానికి, సగం నీళ్ళు దిగడానికి. గడియారం ముందు చెప్పినా, సీసా ముందు చెప్పినా, ఏది ముందు చెబితే దాని మాట వినండి.

మన పూర్వులకి ఇది బాగా తెలుసు. శివరాత్రికీ ఉగాదికీ నల్లమల అడవిలోంచి కాలినడకన శ్రీశైలం వెళ్ళే భక్తులు ఇప్పటికీ ఉన్నారు. ఆత్మకూరు దగ్గర వెంకటాపురం నుంచి నాగలూటి మీదుగా పెచ్చెరువు, భీముని కొలను దాటి కైలాసద్వారం చేరతారు. పెద్ద మజిలీలు నీళ్ళున్న చోటే ఉన్నాయి. శ్రీశైలం దారికి మెట్లు కట్టించిన ఘనత రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డిది. తరతరాలుగా ఆ దారిలో లక్షల మంది నడిచారు. ఎక్కడ ఆగాలో ముందే తెలుసుకుని నడిచారు.

ఇక దిగడం. ఎక్కేటప్పుడు ఆయాసం ఉంటుంది. దిగేటప్పుడు ఆయాసం ఉండదు కాబట్టి తేలిక అనుకుంటాం. కానీ జారి పడేది ఎక్కువగా దిగేటప్పుడే. మోకాళ్ళ మీద బరువు పడేదీ అప్పుడే. ఈ కాలంలో దారంతా ఎండుటాకులు ఉంటాయి. టేకు ఆకు అయితే పెద్దది. దాని కింద రాయి ఉందో, గుంట ఉందో, పురుగూ పుట్రా ఉందో కనిపించదు. ఆకుల కుప్ప మీద అడుగు వేయొద్దు. పక్కనున్న గట్టి నేల చూసుకుని వేయండి. ఏటవాలు ఎక్కువగా ఉన్న చోట నేరుగా దిగొద్దు. కాస్త పక్కకి తిరిగి, చిన్న చిన్న అడుగులతో దిగండి. చేతిలో ఒక కర్ర ఉంటే మంచిది. దిగడానికి రెండు గంటలు ఉంచుకోమన్నది ఇందుకే. తొందర లేకపోతే కాలు జారదు.

పూల కాలంలో అడవిలో మనం ఒక్కళ్ళమే ఉండం. ఈ మాట కూడా చెప్పాలి. కొండ తేనెటీగలు పెద్ద బండల అంచులకీ, పెద్ద చెట్ల కొమ్మలకీ తుట్టెలు పెడతాయి. అలాంటి చోట అరవొద్దు. రాయి విసరొద్దు. పొగ పెట్టొద్దు. అత్తరు, సెంటు రాసుకుని వెళ్ళొద్దు. ఒకవేళ ఈగలు లేస్తే చేతులు విసరకుండా, మొహం కప్పుకుని, వీలైనంత వేగంగా దూరంగా వెళ్ళిపోండి.

ఎలుగుబంట్లు ఉన్న కొండలు మనకి చాలా ఉన్నాయి. ఎలుగుకి ఇప్పపువ్వు అంటే ప్రాణం. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్ప పూస్తుంది. తెల్లవారేసరికి చెట్టు కింద మెత్తటి పూలు రాలి ఉంటాయి. పగలంతా ఎలుగు రాతి గుహల్లో, పొదల్లో పడుకుంటుంది. మునిమాపువేళ మేతకి లేస్తుంది. కాబట్టి గుహల్లోకి తొంగి చూడొద్దు. చీకట్లో బయల్దేరొద్దు, వెలుగు వచ్చాకే అడుగు వేయండి. సాయంకాలం కొండ మీద ఉండొద్దు. నలుగురు కలిసి, మామూలుగా మాట్లాడుకుంటూ నడిస్తే మనం వస్తున్నట్టు దానికి తెలుస్తుంది. దాని దారిన అది పోతుంది. అక్కడ కూడా దిగే వేళే మనకి కాపలా.

ఇప్పచెట్ల కింద తెల్లవారుజామున ఆదివాసీ కుటుంబాలు పూలు ఏరుకుంటుంటాయి. అది వాళ్ళ ఏడాది సంపాదనలో ఒక భాగం. ఆ పూలు తొక్కకండి. చెట్టు చుట్టూ తిరిగి వెళ్ళండి. ఆ ఊరి మనిషి ఒకరిని దారి చూపడానికి తోడు పిలుచుకుని, కష్టానికి తగ్గ డబ్బు ఇస్తే ఇంకా మంచిది. ఏ బండ మీద తుట్టె ఉందో, ఏ దారి మూసుకుపోయిందో ఆయనకి తెలిసినంతగా ఏ మ్యాపుకీ తెలియదు.

నిప్పు. ఈ ఒక్కటి గట్టిగా చెబుతున్నాను. ఇప్పుడు అడవి అంతా ఎండుటాకు, ఎండు గడ్డి. ఒక అగ్గిపుల్ల చాలు. ఒక బీడీ ముక్క చాలు. గంటలో గుట్ట మొత్తం అంటుకుంటుంది. పక్షుల గూళ్ళు పోతాయి. రాలిన గింజలు పోతాయి. వచ్చే వానకి లేవాల్సిన మొలకలు పోతాయి. అడవిలో పొయ్యి వెలిగించొద్దు. తినేది ఇంట్లోనే వండుకుని కట్టుకెళ్ళండి. రక్షిత అడవుల్లో ఈ కాలంలో అటవీశాఖవాళ్ళు కొన్ని దారులు మూసేస్తారు. ముందుగా అడగండి. వద్దంటే ఇంకో కొండకి వెళ్ళండి.

పువ్వు కోయొద్దు అని పిల్లలకి చెబుతాం. ఎందుకో కూడా చెబుదాం. కొండగోగు పువ్వు ఒకటి కోస్తే ఒక కాయ పోయినట్టు. ఆ కాయ పగిలితే లోపల దూది ఉంటుంది. దూదితో పాటు గింజలు గాలికి ఎగిరి ఇంకో బండ చీలికలో పడతాయి. ఆ గింజే రేపటి చెట్టు. చూడటానికీ, చేతిలో పట్టుకోవడానికీ రాలిన పూలు కావలసినన్ని ఉంటాయి.

ఎవరికైనా ఎండ తగిలితే ఏం చేయాలి? తల తిరుగుతుంది. వాంతి వచ్చినట్టు ఉంటుంది. మాట తడబడుతుంది. ఒళ్ళు కాలిపోతూ ఉంటుంది. అలాంటప్పుడు ఇంక నడిపించొద్దు. బండ పక్కన ఎక్కడ నీడ దొరికితే అక్కడ పడుకోబెట్టండి. బట్టలు వదులు చేయండి. ఒళ్ళంతా తడిగుడ్డతో తుడిచి విసరండి. స్పృహలో ఉంటే కొద్దికొద్దిగా నీళ్ళు తాగించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. కొండ మీద సిగ్నల్ ఎక్కడ వస్తుందో ఎక్కేటప్పుడే గమనించి పెట్టుకోండి.

పూల వరస ఇప్పుడే మొదలైంది. మోదుగ, బూరుగ, కొండగోగు ముందు. ఉగాది దగ్గర పడేసరికి వేప, కానుగ, ఇప్ప. తరవాత ఏటికొప్పాక లక్కబొమ్మలు చేసే అంకుడు చెట్టు తెల్లగా పూస్తుంది. ఆ వెనక రేల పసుపు గెలలు వేలాడేస్తుంది. ఒక్కో చెట్టుకీ రెండు మూడు వారాలు. అయితే ఒకటి మరవొద్దు. పూలు ముందుకి జరుగుతుంటే ఎండ కూడా ముదురుతుంది. మార్చిలో ఎనిమిదిన్నర దిగే వేళ అయితే, రేల పూసే నాటికి అది ఏడున్నర కావాలి. అప్పటికి పొద్దు కూడా ముందే పొడుస్తుంది కాబట్టి వెలుగు రాగానే బయల్దేరడానికి వీలే. పెద్ద కొండ మానేసి చిన్న గుట్ట ఎంచుకోండి. ఎత్తు తగ్గినా పువ్వు తగ్గదు.

ఇంతసేపూ విన్నది మళ్ళీ ఒక్కసారి. మన పూల కాలం నీడ లేని కాలం. దారి ఎంతో, ఎత్తు ఎంతో కనుక్కోండి. లెక్క కట్టి రెట్టింపు చేయండి. దిగే వేళ ఇంట్లోనే నిర్ణయించుకోండి. నీళ్ళు సగం అయితే అంతకుముందే తిరగండి. శిఖరం చేరకపోతే బాధపడొద్దు. కొండ ఎక్కడికీ పోదు. వచ్చే ఆదివారం కూడా అక్కడే ఉంటుంది.

మోదుగ పూలు మాత్రం ఇంకో రెండు మూడు వారాలే. కాబట్టి వాయిదా వేయకండి. మీ ఇంట్లో పిల్లల్నీ, నడవగలిగిన పెద్దల్నీ తీసుకుని మీ ఊరికి దగ్గరలో ఉన్న కొండ ఒకటి ఈ నెలలోనే ఎక్కండి. పూలు చెట్టుకే వదిలేయండి. ప్లాస్టిక్ సీసాలు వెనక్కి తీసుకురండి. వేళకి దిగి, క్షేమంగా ఇంటికి చేరండి.